ఒక అంకెలో ఇమడని వీధులు

మీ ఇంటి వెనక వీధిలో మీ స్నేహితుడి ఇల్లు ఉందనుకోండి. గోడ దూకితే పది అడుగులు. రోడ్డు మీద వెళ్తే మాత్రం అర కిలోమీటరు. ఈ పది అడుగులకూ అర కిలోమీటరుకూ మధ్య ఉన్న తేడా ఒక వీధి సమస్యలాగే కనిపిస్తుంది. కానీ ఊళ్లోని లక్షల ఇళ్లకు ఇదే తేడా ఉంటే ఎన్ని వాహనాలు తిరగాలో, ఎంత పెట్రోలు మండాలో, ఎందరు పిల్లలు నడిచి బడికి వెళ్లడం మానుకుంటారో ఆలోచించండి. అందుకే ఇటీవల శాస్త్రజ్ఞులు దీన్ని కొలవడం మొదలుపెట్టారు. ఆ కొలత ఏమి చెబుతోంది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ వ్యాసంలోని విషయం. దాన్ని పరీక్షించడానికి నేను ఎంచుకున్న చోటు జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్.

బారిడీహ్ జంషెడ్‌పూర్‌కు తూర్పు వైపున, సిద్‌గోరా, బిర్సానగర్‌ల పొరుగున ఉన్న పేట. ఉక్కు కర్మాగారం తొలి రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ పట్టణానికి వలస వచ్చాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తు. మా మేనమామ కుటుంబం కూడా అలా వచ్చినదే. బారిడీహ్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా రెండు రకాల వీధులు కనిపించేవి. ఒకవైపు కాలనీ. క్వార్టర్లు వరసగా ఉంటాయి, రోడ్లు దాదాపు లంబకోణంలో కలుస్తాయి. ఇంకోవైపు బస్తీ. సందులు వంకరగా సాగుతాయి. కొన్ని ఒక గోడ దగ్గర ఆగిపోతాయి, కొన్ని రెండిళ్ల మధ్యనుంచి దూరి అవతలి వీధిలో తేలతాయి. పెద్దరోడ్డు పట్టుకుని బజారుకు బయలుదేరితే మావయ్య నవ్వేవాడు: "అటేపెందుకురా, ఇలా సందులోంచి దూరిపో, రెండు నిమిషాల్లో తేలతావు." ఆ సందు నా దగ్గరున్న పటంలో ఉండేది కాదు.

పరిశోధన చెప్పిన సంగతి

2020లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ ప్రొసీడింగ్స్‌లో క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పత్రం ప్రచురించారు. ప్రపంచమంతటా నగరాలు పెరుగుతున్న కొద్దీ వీధుల మధ్య కలయిక ఎలా మారుతోందో అందులో లెక్కగట్టారు. వీధుల పటాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకున్నారు. ఇది ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తున్న పటం. ఏ స్థలం ఎప్పుడు కట్టడాలతో నిండిందో ఉపగ్రహ చిత్రాల నుంచి తెలుసుకున్నారు. రెండింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి, 1975 నుంచి ఏ కాలంలో ఎలాంటి వీధులు వచ్చాయో చూశారు.

ఫలితం ఆలోచింపజేసేదే. జనాభా ఎక్కువగా ఉన్న 134 దేశాల్లో 90 శాతం దేశాల్లో కొత్త పేటల వీధులు 1975 తరువాత అంతకుముందుకంటే తక్కువగా కలుస్తున్నాయి. 2000 తరువాత మెరుగుపడే ధోరణి కనిపించినవి 29 శాతం మాత్రమే. చుట్టూ గోడ, ఒకే గేటు ఉండే నివాస సముదాయాలకు ప్రత్యేకమైన చుట్టుదారి వీధులు ఇదే కాలంలో దాదాపు రెట్టింపయ్యాయి. అదే పరిశోధకులు 2015లో అమెరికాపై చేసిన మరో అధ్యయనంలో, అక్కడ కొత్త వీధుల విచ్ఛిన్నత 1994 ప్రాంతంలో శిఖరానికి చేరి తరువాత తగ్గిందని తేలింది. అంటే ఈ జబ్బు నయం కానిదేమీ కాదు.

నగరం పలచగా, పొందిక లేకుండా బయటికి పాకడాన్ని చెదురు విస్తరణ అందాం. సాధారణంగా దీన్ని జనసాంద్రతతో కొలుస్తారు. ఈ పరిశోధకులు సాంద్రతను పక్కనపెట్టి వీధుల కలయికతో కొలిచారు. ఇందులో మంచి తర్కం ఉంది. ఇల్లు కూల్చి మళ్లీ కట్టవచ్చు. ఖాళీ స్థలంలో అంతస్తులు లేపవచ్చు. కానీ ఒకసారి గీసిన వీధి తరతరాలు అలాగే ఉంటుంది. ఎందుకంటే దానికి రెండు వైపులా ఆస్తులు ఏర్పడిపోతాయి. వీధులు తక్కువగా కలిసే నగరాల్లో కొత్త వీధులు కూడా అలాగే వస్తున్నాయని ఆ పత్రం చూపింది.

కొలిచే పద్ధతి

ఈ గణితానికి మూలం పాతదే. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలను ఒక్కొక్కటి ఒకేసారి దాటి రావడం సాధ్యమా అన్న ప్రశ్నకు 1736లో ఆయిలర్ సమాధానం చెప్పాడు. వంతెన పొడవు, నది వెడల్పు వంటివన్నీ వదిలేసి, ఏ భూభాగం దగ్గర ఎన్ని వంతెనలు కలుస్తున్నాయన్నది మాత్రమే చూశాడు. అక్కడ నుంచే గ్రాఫ్ సిద్ధాంతం పుట్టింది. వీధులకూ ఇదే వర్తిస్తుంది. కూడలి ఒక బిందువు, వీధి ఒక గీత. ఒక బిందువు దగ్గర కలిసే గీతల సంఖ్యను దాని కూడలి అంకె అందాం. నాలుగు రోడ్ల కూడలికి 4, మూడు రోడ్ల కూడలికి 3. ముందుకు దారిలేని వీధిని మొండి సందు అందాం. దాని కొస అంకె 1.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పెద్దరోడ్డుకు ఒకే వైపున అయిదు మొండి సందులు ఉన్నాయి. ఒక్కో సందు పొడవు 100 మీటర్లు, సందుకూ సందుకూ మధ్య దూరం 40 మీటర్లు. పెద్దరోడ్డు మీద మూడు రోడ్ల కూడళ్లు అయిదు, సందుల కొసలు అయిదు. సగటు ఎంత? (5×3 + 5×1) ÷ 10 = 2. ఇప్పుడు మొదటి సందు కొసలో ఉన్న పిల్లవాడు రెండో సందు కొసకు వెళ్లాలి. 100 మీటర్లు వెనక్కి, 40 మీటర్లు పక్కకు, 100 మీటర్లు లోపలికి, మొత్తం 240 మీటర్లు. తిన్నగా ఉన్న దూరం 40 మీటర్లే. 240ని 40తో భాగిస్తే 6. దీన్ని చుట్టుదారి నిష్పత్తి అందాం.

ఈ అయిదు సందుల కొసలనూ కలుపుతూ ఒక వెనక వీధి వేసి, దాని రెండు చివరలనూ పక్క పేటల రోడ్లలో కలిపామనుకోండి. అయిదు కొసలూ మూడు రోడ్ల కూడళ్లవుతాయి. సగటు 2 నుంచి 3కు పెరుగుతుంది. పిల్లవాడి దారి 240 మీటర్ల నుంచి 40 మీటర్లకు తగ్గుతుంది. మొదటి సందుకూ అయిదో సందుకూ మధ్య వేసిన కొత్త వీధి 160 మీటర్లే. కొద్దిపాటి వీధి ఎంత దూరాన్ని మిగిల్చిందో చూడండి!

కూడలి అంకె, మొండి సందుల వాటా, చుట్టుదారి నిష్పత్తి, వీధి వంపు వంటి అనేక కొలతలను గణిత పద్ధతిలో కలిపి పరిశోధకులు ఒకే అంకె తయారు చేశారు. దాని పేరు వీధి జాల విచ్ఛిన్నతా సూచిక. సూచిక పెరిగితే వీధులు తెగిపోయినట్టు, తగ్గితే కలిసినట్టు. ప్రపంచంలోని ఏ రెండు పేటలనైనా దీనితో పోల్చవచ్చు. ఇది చిన్న విజయం కాదు. అయితే ఆయిలర్ వంతెన పొడవును వదిలేసినట్టే ఈ సూచిక కూడా కొన్నింటిని వదిలేసింది. ఆయిలర్ ప్రశ్నకు ఆ వదిలినవాటి అవసరం లేదు. మన ప్రశ్నకూ అవసరం లేదా? అది తేల్చడానికి జంషెడ్‌పూర్ చరిత్ర చూడాలి.

నాలుగు ప్లాన్ల పట్టణం

ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి గ్రామం దగ్గర కర్మాగారం, దాని పక్కన పట్టణం లేచాయి. 1919లో ఆ పట్టణానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. తొలి నమూనాను పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ సంస్థ గీసింది. తరువాత 1920 ప్రాంతంలో ఇంజనీర్ ఎఫ్.సి. టెంపుల్ నేల వాలును, మురుగు పారుదలను దృష్టిలో పెట్టుకుని రెండో ప్లాన్ వేశాడు. 1930లలో మేజర్ స్టోక్స్ మూడోది వేశాడు. 1940లలో ఆటో కోనిగ్స్‌బర్గర్ నాలుగోది తయారు చేశాడు. ఇంటిపేరులో మాత్రమే ఆయిలర్ వంతెనల నగరం ఉన్న ఈ వాస్తుశిల్పి బెర్లిన్‌లో పుట్టాడు. 1939లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. తరువాత భువనేశ్వర్ కొత్త రాజధానికి ప్లాన్ వేసింది కూడా ఈయనే.

కోనిగ్స్‌బర్గర్ ప్లాన్‌కు ఆధారం పొరుగు యూనిట్ అనే భావన. దాన్ని 1929లో క్లారెన్స్ పెర్రీ న్యూయార్క్ ప్రాంతీయ ప్రణాళికలో వివరించాడు. బడి మధ్యలో ఉండాలి. పెద్ద రోడ్లు పేట సరిహద్దులో ఉండాలి. లోపలి వీధులు బయటి వాహనాలు అడ్డంగా దూసుకుపోవడానికి వీలు లేకుండా ఉండాలి. ఎందుకు? పిల్లలు రోడ్డు మీద చనిపోకుండా ఉండటానికి.

ఈ మాటను ఒకసారి ఆగి చూడండి. ఇవాళ సూచిక జబ్బు అంటున్న వీధి విచ్ఛిన్నతను ఆనాటి ప్లానర్లు మందుగా ఇచ్చారు! ఇందులో ఎవరు పొరబడ్డారు? న్యూజెర్సీలోని రాడ్‌బర్న్‌ను చూస్తే సమాధానం దొరుకుతుంది. 1929లో మొదలైన ఆ పేటలో కార్లకు మొండి సందులు ఉండేవి. కానీ ఇళ్ల వెనక నుంచి బడికి, పార్కుకు విడిగా కాలిబాటలు ఉండేవి. చక్రాలకు తెగిన దారి కాళ్లకు కలిసి ఉండేది. తరువాత వచ్చిన బిల్డర్లు చాలామంది మొండి సందును తీసుకున్నారు, కాలిబాటను వదిలేశారు. అందువల్ల చక్రాలకూ కాళ్లకూ ఒకేసారి దారి తెగింది. కాబట్టి వీధులు కలిశాయా లేదా అని అడిగే ముందు "ఎవరికి?" అని అడగాలి. సూచికపై నా మొదటి విమర్శ ఇదే. అది ఇచ్చే సమాధానం ఒకటే అంకె. నడిచేవారికి ఒకటి, వాహనాలకు ఒకటి విడివిడిగా చెప్పదు.

బారిడీహ్ దగ్గర తడబాటు

రెండో విమర్శ పటం గురించి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రపంచ రోడ్లలో సుమారు 83 శాతం ఉన్నాయని ఇదే పరిశోధకులు 2017లో అంచనా వేశారు. స్వచ్ఛందంగా గీసిన పటానికి ఇది మెచ్చుకోదగిన సంఖ్య. కానీ మిగతా 17 శాతం అన్నిచోట్లా సమానంగా తగ్గి ఉండదు. ఉపగ్రహ చిత్రంలో విశాలమైన కాలనీ రోడ్డు స్పష్టంగా కనిపిస్తుంది. రెండు రేకుల ఇళ్ల చూరుల కింద సాగే సందు కనిపించదు. దాన్ని గీయాలంటే ఎవరైనా అక్కడ నడవాలి. మావయ్య చూపించిన లాంటి సందు పటంలో లేకపోతే లెక్కలో ఆ చోటు మొండి సందు అవుతుంది. వాస్తవంలో అక్కడ దారి ఉంది. అప్పుడు బస్తీ తన తప్పేమీ లేకుండానే తెగిపోయిన పేట అనిపించుకుంటుంది.

మూడోది వెడల్పు. మన ఉదాహరణలోని వెనక వీధి ఆరు మీటర్ల రోడ్డు కావచ్చు, ఒక మనిషి మాత్రమే పట్టే సందు కావచ్చు. కూడలి అంకె రెండింటికీ 3. పిల్లవాడికి ఆ తేడా పట్టదు. ఇల్లు అంటుకున్న రాత్రి ఫైరింజన్‌కు పడుతుంది, ప్రసవానికి వెళ్లాల్సిన తల్లికి పడుతుంది.

నాలుగోది గేటు. పటంలో గీత ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. గేటు ఏ గంటకు మూస్తారో, కాపలావాడు ఎవరిని లోపలికి వదులుతాడో గీత చెప్పదు. చుట్టుదారి నిష్పత్తి ద్వారా గోడల సముదాయాల పోలికను ఈ పరిశోధకులు పట్టుకున్నారు, నిజమే. కానీ లోపల చక్కని చదరపు వీధులు ఉండి, బయటికి ఒకే గేటున్న సముదాయానికి లోపలి కూడళ్ల వల్ల మంచి మార్కులే పడే అవకాశం ఉంది. హైదరాబాద్ పడమటి అంచున ఇలాంటివి ఎన్నో మన కళ్ల ముందే లేచాయి. మన జిల్లా పట్టణాల్లోని ప్లాట్ల వెంచర్లను చూడండి. లోపల నలభై అడుగుల రోడ్లు, ఆఖరి ప్లాటు దగ్గర గోడ, ఆ గోడ అవతల మరో వెంచర్ రోడ్డు. రెండు రోడ్లూ ఒకదాన్నొకటి చూసుకుంటూనే ఉంటాయి, కలవవు.

అయిదోది కాలం. ఉపగ్రహ చిత్రంలో కట్టడాలు ఎప్పుడు కనిపిస్తే అక్కడి వీధుల వయసు అప్పటి నుంచే లెక్కకు వస్తుంది. కానీ ఈ ప్రాంతంలో "డీహ్" అంటే ఊరున్న చోటు. బారిడీహ్ అన్న పేరే అక్కడ పట్టణం కంటే ముందు ఊరు ఉండేదని చెబుతోంది. బస్తీలో వంకర తిరిగే సందు ఎవరో ఇటీవల అడ్డదిడ్డంగా వేసినది కానక్కరలేదు. పాత పొలం గట్టు కావచ్చు, చెరువుకు వెళ్లే బాట కావచ్చు. దాన్ని ఇటీవలి చెదురు విస్తరణ ఖాతాలో వేస్తే చరిత్ర తలకిందులవుతుంది.

ఇక ఆరో విషయాన్ని విమర్శ అనడం కంటే హద్దు అనడం న్యాయం. జంషెడ్‌పూర్‌ను సువర్ణరేఖ, ఖర్కాయి నదులు చుట్టి ఉన్నాయి. నదికి అవతల మాంగో, ఆదిత్యపూర్ పెరిగాయి. రైలుమార్గానికి అవతల జుగ్సలాయి ఉంది. 2011 జనగణన నాటికి ఈ నగర సముదాయ జనాభా 13 లక్షలు దాటింది. పేటల లోపల వీధులు ఎంత బాగా కలిసినా, పేటకూ పేటకూ మధ్య దారి కొద్దిపాటి వంతెనల మీదే ఆధారపడి ఉంది. ఈ సూచిక కొలిచేది స్థానిక కలయికను. అది పరిశోధకులు దాచిపెట్టలేదు. కానీ సూచికను చూసి నగరమంతా బాగుందని తీర్పు చెప్పేవారు ఈ హద్దును గుర్తుంచుకోవాలి.

ఇంత విమర్శ దేనికి?

అంకె పొరబడితే నష్టం ఏమిటని మీరు అడగవచ్చు. నష్టం ఉంది. 2005లో కంపెనీ లీజును పునరుద్ధరించినప్పుడు జంషెడ్‌పూర్‌లో 86 బస్తీల భూమిని లీజు నుంచి మినహాయించారు. అక్కడి ఇళ్లకు యాజమాన్య హక్కు ఇవ్వాలన్న కోరిక ఆ తరువాతి ఎన్నికల్లో పదేపదే వినిపించింది. ఇలాంటి బస్తీ మీద ఒక సూచిక "తెగిపోయిన వీధులు" అని ముద్ర వేస్తే, దాన్ని పట్టుకుని పటం మీద తిన్నని గీత గీయడం చాలా తేలిక. ఆ గీత కింద ఎవరి ఇల్లు ఉంది, వారి చేతిలో కాగితం ఉందా అన్నది పటంలో కనిపించదు. కాగితం లేనివారి ఇంటి మీదుగా రోడ్డు వేయడం, కాగితం ఉన్నవారి ప్రహరీలో చిన్న గేటు తెరిపించడం కంటే సులువుగా జరిగిపోతుంది. మన ఉదాహరణలో 160 మీటర్ల వీధి ఎంతో దూరం మిగిల్చింది. ఆ 160 మీటర్లు ఎవరి నేల అన్న ప్రశ్నకు గణితంలో చోటు లేదు. కానీ దాన్ని గణితం వాడేవాడు తప్పకుండా అడగాలి.

అయితే సూచికను పారేయమని నేను అనడం లేదు. అది లేకపోతే ప్రపంచంలో 90 శాతం దేశాలు ఒకే పొరపాటు వైపు నడుస్తున్నాయని మనకు తెలిసేది కాదు. కొత్త పేట వేసేటప్పుడు, నేల ఇంకా ఖాళీగా ఉండగానే, పక్క పేట రోడ్డును దీని రోడ్డుతో కలపాలన్న నియమం ఖచ్చితంగా ఉండాలి. ఈ పని తరువాత చేయలేం. పత్రంలోని అసలు హెచ్చరిక ఇదే, దానితో నాకు పేచీ లేదు. నా పేచీ పాత పేటల విషయంలో. కొత్త పేటకు సూచిక మంచి కొలబద్ద. పాత బస్తీకి అది థర్మామీటరు లాంటిది. జ్వరం ఉందని చెబుతుంది, ఎందుకో చెప్పదు. థర్మామీటరు చూసి ఎవరూ ఆపరేషన్ చేయరు కదా!

మీరే చేసి చూడండి

ఒక గ్రాఫ్ కాగితం తీసుకుని మీ ఇంటికి అన్ని వైపులా 500 మీటర్ల లోపు వీధులను నడిచి గీయండి. ఒక్కో కూడలి దగ్గర కూడలి అంకె రాయండి. మొండి సందు కొసకు 1 వేయండి. మొత్తాన్ని కూడళ్ల, కొసల సంఖ్యతో భాగించండి. ఇది మొదటి లెక్క. ఇప్పుడు ఆటో పట్టని సందులన్నీ తీసేసి మళ్లీ లెక్కించండి. ఇది రెండోది. చివరగా రాత్రి పది గంటలకు మూసే గేట్లు ఏవో ఇంట్లో పెద్దల్ని అడిగి తెలుసుకోండి. వాటి దారులను కూడా తీసేసి మూడోసారి లెక్కించండి.

మూడు లెక్కలూ దగ్గరదగ్గరగా వస్తే మీ పేటకు ఒక్క అంకె చాలు. రెండో లెక్క బాగా తగ్గితే మీ పేట నడిచేవారికే కలిసి ఉందన్నమాట. అక్కడ ఫైరింజన్ ఎలా వస్తుందో ముందే ఆలోచించాలి. మూడోది తగ్గితే మీ వీధులను తెంచుతున్నది పటం కాదు, తాళం. తాళానికి కొత్త రోడ్డు అక్కరలేదు, ఎవరి ఇల్లూ కూలనక్కరలేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకుని అడిగితే చాలు.